కేజీహెచ్ డౌన్‌లో మాస్కులు, క్యాంపస్‌కొచ్చే టీకా సర్వీసులు: నర్సింగ్ ట్యూటర్లకి ఏది పనికొస్తుంది

విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) దగ్గరి కేజీహెచ్ డౌన్‌లో ఏ సర్జికల్ షాపుకెళ్లి మాస్కులు చూపించమన్నా కౌంటరు మీదకి వచ్చేవి ముఖ్యంగా ఐదు రకాలు. చెవి తాళ్ల త్రీ ప్లై (మూడు పొరలది), వెనక ముడేసుకునే త్రీ ప్లై, చెవి తాళ్లతోనే ఉన్న ‘ఎన్95’, తల చుట్టూ రెండు పట్టీలుండే కప్పు రకం, ఐఎస్ఐ గుర్తున్న మడత రకం. అడిగితే వాల్వు మాస్కులు కూడా లోపల్నుంచి తీస్తారు. రోగి బంధువు ఒకటి కొనుక్కుని వెళ్లడం వేరు, నర్సింగ్ కాలేజీకి ఇండెంటు రాసి ఏడాది సరుకు తెప్పించడం వేరు. ఈ సమీక్ష ఆ రెండో పని చేసేవాళ్ల కోసం. క్యాంపస్‌కొచ్చి టీకాలేసే సర్వీసుల సంగతి కూడా చివర్లో ఉంది. మాస్కైనా టీకా అయినా కాలేజీలో చూసుకోమని అప్పగించేది ఇన్ఫెక్షన్ కంట్రోల్ చెప్పే ట్యూటరుకే కదా.

కోవిడ్ రోజుల్లో నర్సింగ్ బోధకుల వైఖరి తెలుసుకుంటామని ప్రశ్నాపత్రాలు బోలెడు తిరిగాయి. ‘మాస్కు వ్యాప్తిని తగ్గిస్తుంది’, ‘ఆరోగ్య సిబ్బందికి టీకా తప్పనిసరి’ లాంటి వాక్యాలు, పక్కన ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అస్సలు అంగీకరించను’ దాకా ఐదు గడులు. ట్యూటరన్నాక మొదటి గడిలోనే టిక్కు పెడుతుంది, ఆవిడ రోజూ చెప్పే పాఠమే అది. మరి అదే ట్యూటరు మాస్కు క్లాసు సగమయ్యేసరికి ముక్కు కిందకి ఎందుకు దిగుతుంది? చెమట, బొంగురుపోయే గొంతు, కళ్లద్దాల మీద ఆవిరి. వెనక బెంచీ నుంచి ‘మేడమ్, వినపడట్లేదు’ అని ఒక్క గొంతు వస్తే చాలు, చెయ్యి మాస్కు మీదకి పోతుంది. విద్యార్థులు నేర్చుకునేది పాఠంలోని వాక్యాన్ని కాదు, జారిన ఆ మాస్కునే. రేపు వార్డులో వాళ్ల మాస్కూ అక్కడే ఉంటుంది.

అందుకే వడపోత ఎంత శాతమన్నది మాకు రెండో ప్రశ్న. విశాఖ ఉక్కపోతలో, ఏసీ లేని డెమాన్‌స్ట్రేషన్ గదిలో, గంటసేపు మాట్లాడుతూ ఆ మాస్కుని ముఖం మీద ఉంచుకోగలరా అన్నది మొదటిది.

త్రీ ప్లై

చెవి తాళ్లది యాభై మాస్కుల పెట్టెగా వస్తుంది. హోల్‌సేల్‌లో ఒక్కోటి రెండు మూడు రూపాయలే కాబట్టి పెట్టె తిప్పి చదివే ఓపిక ఎవరికీ ఉండదు. చదవాలి. సర్జికల్ మాస్కులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 16289. అందులో మూడు తరగతులున్నాయి. మొదటి తరగతికి బ్యాక్టీరియా వడపోత 95 శాతం, తర్వాతి రెండింటికీ 98 శాతం. మూడో తరగతికి అదనంగా రక్తం చిమ్మినా లోపలికి దిగకుండా ఆపే పరీక్ష ఉంటుంది. క్లాసు గదికి మొదటిది చాలు. ప్రసవ గదికి, క్యాజువాల్టీకి, సక్షన్ చేసే (గొట్టంతో కఫం లాగే) వార్డులకి మూడో తరగతి లేకుండా విద్యార్థుల్ని పంపకూడదు. ఏ ప్రమాణం పేరూ లేకుండా ‘త్రీ ప్లై ఫేస్ మాస్క్’ అని మాత్రమే అచ్చేసిన పెట్టె ఎంత చవకగా వచ్చినా వదిలేయండి.

మూడు పొరలున్నంత మాత్రాన సరిపోదు, మధ్య పొర మెల్ట్‌బ్లోన్ (కరిగించిన ప్లాస్టిక్‌ని ఊది చేసే సన్నటి పోగుల గుడ్డ) అయి ఉండాలి. వడపోత చేసేది అదొక్కటే. లాటుకి ఒక మాస్కుని బలివ్వండి. అంచులు కత్తిరించి పొరలు విడదీస్తే బయటిదీ లోపలిదీ చుక్కల అచ్చున్న స్పన్‌బాండ్ గుడ్డ. మధ్యది అచ్చు లేకుండా నున్నగా, పల్చగా, లాగితే తేలిగ్గా చిరిగేలా ఉండాలి. దాన్ని చిన్న కాగితం ముక్కల దగ్గరికి తెస్తే అంటుకుంటాయి, అందులో విద్యుదావేశం నింపి ఉంటుంది కాబట్టి. మధ్యలోనూ చుక్కల గుడ్డే కనిపిస్తే ఆ లాటు వెనక్కి పంపేయాల్సిందే. నీళ్లు పోసి చూడటం, అగ్గిపుల్ల వెలిగించి చూడటం వీడియోల్లో బాగా ఆడిన పరీక్షలు. రెండూ మెల్ట్‌బ్లోన్ ఉందో లేదో చెప్పవు. స్పన్‌బాండ్ మీద కూడా నీళ్లు బొట్లుగానే నిలుస్తాయి, మంట దగ్గర అదీ కరిగి ముడుచుకుంటుంది. స్పిరిట్ సీసాలున్న స్కిల్ ల్యాబులో అగ్గిపుల్ల ప్రయోగం అసలే వద్దు.

ఈ మాస్కుకి ఉన్న పెద్ద లోపం పక్క సందులు. బుగ్గల దగ్గర తెరుచుకుంటాయి, ఊపిరి సగం అక్కణ్నుంచే నడుస్తుంది. దీనికి పైసా ఖర్చులేని మందు ఉంది. చెవి తాడుని మాస్కు అంచుకి ఆనించి ఒక ముడి వేయాలి, అలా వేయగానే పక్కన పైకి లేచే మడతని లోపలికి దోపాలి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఫిబ్రవరిలో ప్రకటించిన ప్రయోగంలో మామూలుగా పెట్టిన మెడికల్ మాస్కు కృత్రిమ దగ్గు తుంపరల్లో 56.1 శాతాన్ని ఆపితే, ముడివేసి దోపినది 77 శాతం ఆపింది. మెడికల్ మాస్కు మీద బట్ట మాస్కు పెడితే 85.4 శాతం. పైది కిందిదాన్ని ముఖానికి నొక్కిపెట్టడం వల్ల వచ్చిన లాభం ఇది. రెండు త్రీ ప్లైలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటే సందు సందుగానే ఉంటుంది. డెమోలో ముడివేసే పద్ధతి తప్పకుండా చూపించండి, విద్యార్థులకి చేతికి అందే విద్య ఇది.

రంగు వైపు బయటికి, ముక్కు తీగ పైకి, బయటివైపు మడతలు కిందికి తెరుచుకునేలా. ఇది మొదటి సంవత్సరం పాఠమే. అయినా 2020లో వాట్సాప్‌లో తిరిగిన ‘జబ్బుంటే నీలం బయటికి, లేకపోతే తెలుపు బయటికి’ అన్న మాట ఇప్పటికీ కొన్ని నోళ్లలో ఉంది. బయటి పొర తడిని ఆపడానికి, లోపలి పొర పీల్చుకోవడానికి. తిరగేస్తే ఊపిరి తడి వెళ్లే దారి లేక మాస్కు తొందరగా నానుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఊళ్లో ఎలా పెట్టుకున్నా నానుతుందనుకోండి. ఇండెంటులో ట్యూటరుకి రోజుకి ఒకటి అని రాసే లెక్క అక్కడే చెడుతుంది. పొద్దున క్లాసుకి ఒకటి, వార్డుకి ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి రాయండి. తడిసినదాన్ని గడ్డం కిందకి దించి భోజనం చేసి మళ్లీ పైకి లాగే అలవాటుకి సగం కారణం స్టోరు మాస్కులు లెక్కపెట్టి ఇవ్వడం.

వెనక ముడేసుకునే రకం క్లాసుకి విసుగు, థియేటర్ పోస్టింగుకి మాత్రం ఇదే మంచిది. పై తాళ్లు చెవుల మీదుగా నడినెత్తి వెనక, కింది తాళ్లు మెడ వెనక ముడివేయాలి. గుణకారం గుర్తులా అడ్డం మార్చి కడితే పక్కలు డొప్పల్లా లేస్తాయి. హిజాబ్ కట్టుకునేవాళ్లకి, వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్లకి చెవి తాళ్ల కంటే ఇది సుఖం. బట్ట మాస్కుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వార్డులోకి వద్దు.

ఎన్95 అని రాసి ఉన్నవన్నీ

చెవి తాళ్లతో, తెల్లటి మడతతో, మీద ‘ఎన్95’ అని మాత్రమే అచ్చేసి కవర్లో వచ్చే రకాన్ని కొనొద్దు. ఎన్95 అన్నది అమెరికా నియాష్ సంస్థ ఇచ్చే ఆమోదం. నిజమైనదాని మీద తయారీదారు పేరు, మోడల్ నంబరు, లాటు నంబరు, టీసీ-84ఏ తో మొదలయ్యే ఆమోదం నంబరు ఉంటాయి. పట్టీలు తల చుట్టూ పోతాయి. చెవి తాళ్లు కనిపిస్తే అనుమానించాలి. చెవులు మోయగలిగేంత బిగువుతో ముఖం చుట్టూ సీలు నిలవడం కష్టం. కేఎన్95 అన్నది చైనా ప్రమాణం, జీబీ 2626. కాగితం మీద వడపోత అంతే, బిగువులో ఇబ్బంది అదే.

వాల్వు మాస్కు గురించి చెప్పుకోవాల్సింది 2020 జులైలోనే తేలిపోయింది. ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ రాష్ట్రాలకి రాసిన లేఖలో వాల్వున్న ఎన్95లు వైరస్ బయటికి పోకుండా ఆపవని స్పష్టంగా చెప్పింది. వదిలే ఊపిరి వడపోత లేకుండా వాల్వులోంచి నేరుగా ఎదుటివాళ్ల మీదకి పోతుంది. ఊపిరాడుతోంది, హాయిగా ఉందని ట్యూటర్లకి దీని మీద మోజు. ముప్పై మంది విద్యార్థుల ముందు నిలబడి మాట్లాడేవాళ్లు పెట్టుకోకూడనిది ఇదే.

కప్పు రకంలో ఆసుపత్రులకి తెలిసిన పేరు త్రీఎం 1860. చిన్న ముఖాలకి 1860ఎస్ ఉంది, అడిగితేనే తీస్తారు. దాని పక్కనే కొంచెం తక్కువ ధరకి 8210 పెడతారు. రెండూ ఎన్95లే. 8210 పరిశ్రమలకి చేసినది, ద్రవం చిమ్మితే ఆపే పరీక్ష దానికి లేదు. పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో టీబీ వార్డుకి అయితే ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది. రక్తం చిమ్మే చోటికి 1860 కావాలి. టీబీ వార్డు మాట వచ్చింది కాబట్టి ఒకటి గుర్తుచేయాలి. సిబ్బందికి ఎన్95, రోగికి త్రీ ప్లై. రోగికి ఎన్95 తొడిగి తాము త్రీ ప్లైతో నిలబడే దృశ్యం ఇంకా కనిపిస్తూనే ఉంది.

కప్పు మాస్కు ఎంత మంచిదైనా పెట్టుకునే తీరులో పాడవుతుంది. చేతులు శుభ్రం చేసుకుని, పట్టీలు కిందకి వేలాడేలా కప్పుని అరచేతిలో పట్టుకుని, ముందు గడ్డాన్ని అందులో కూర్చోబెట్టాలి. పై పట్టీ నడినెత్తి మీదికి, కింది పట్టీ చెవుల కిందుగా మెడ వెనక్కి. రెండు పట్టీలూ మెడ మీదే వేసుకోవడం విద్యార్థులు చేసే మామూలు తప్పు. జడ ఉంటే కింది పట్టీని జడ కిందుగా పోనివ్వాలి, జడ మీదుగా వేస్తే తల తిప్పినప్పుడల్లా జారుతుంది. కొబ్బరి నూనె దండిగా పెట్టిన తల మీద పై పట్టీ నిలవదు. ముక్కు తీగని రెండు చేతుల వేళ్లతో మధ్య నుంచి పక్కలకి నొక్కాలి. ఒక చేత్తో చిటికెలా నొక్కితే నడుమ కోణం ఏర్పడి గాలి కళ్లద్దాల్లోకి కొడుతుంది. ఆ తర్వాత రెండు అరచేతులతో మాస్కుని కప్పి గట్టిగా ఊపిరి వదలాలి, అంచుల్లో గాలి తగలకూడదు. గట్టిగా పీల్చాలి, మాస్కు కొంచెం లోపలికి ముడుచుకోవాలి. ప్రతిసారీ ఈ రెండూ చేయాల్సిందే. పెద్ద ముక్కుపుడక ఉంటే తీగ దాని మీద ఆనకుండా చూసుకోవాలి, వీలుకాకపోతే వార్డు గంటల్లో తీసేయాలి.

మగ ట్యూటర్ల దగ్గర మన ప్రాంతంలో వచ్చే చిక్కు వేరు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటే మండల దీక్ష అయ్యేదాకా గడ్డం తీయరు. గడ్డం మీద ఏ ఎన్95కీ సీలు కుదరదు, రెండు రోజుల గడ్డమైనా సరే. దీక్షలో ఉన్నవాళ్లతో వాదనకి దిగకుండా ఆ వారాల్లో టీబీ, ఐసీయూ పోస్టింగుల పర్యవేక్షణ వేరేవాళ్లకి ఇచ్చేలా రోస్టరు ముందే వేసుకోవాలి.

ఫిట్ టెస్టు కిట్టు

కాలేజీ బడ్జెట్టులో ఒక్కటే పెద్ద వస్తువుకి చోటుంటే మా ఓటు దీనికే. మాస్కు అంచుల్లోంచి గాలి దూరుతోందా అన్నది శాకరిన్ తీపి నోటికి తగలడాన్ని బట్టి తేల్చే కిట్టు ఇది. సాధారణంగా కౌంటరు మీద ఉండదు, ఆర్డరిచ్చి తెప్పించుకోవాలి. తలమీద పెట్టే పారదర్శకమైన హుడ్, పిండితే తుంపర చేసే నెబులైజర్లు రెండు, ద్రావణాలు రెండు ఉంటాయి. పల్చటిది నాలుకకి శాకరిన్ తీపి తెలుస్తుందో లేదో చూడటానికి, చిక్కటిది అసలు పరీక్షకి. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పద్ధతి ప్రకారం మొదటిదానిలో 100 మి.లీ. నీటికి 0.83 గ్రాముల సోడియం శాకరిన్, రెండోదానిలో 83 గ్రాములు. తేడా వంద రెట్లు. నెబులైజర్లు మారిపోతే పరీక్ష మొత్తం వృథా, కొన్న రోజే వాటి మీద చెరగని సిరాతో గుర్తు పెట్టండి.

పదిహేను నిమిషాల ముందు నుంచి నీళ్లు తప్ప ఏమీ తినకూడదు, తాగకూడదు. టీ బ్రేకు తర్వాత పరీక్ష పెట్టుకుంటే తీపి ఎక్కణ్నుంచి వచ్చిందో తేలదు. ముందు మాస్కు లేకుండా హుడ్‌లో పల్చటి ద్రావణం పది సార్లు పిండాలి. తీపి తెలియకపోతే ఇంకో పది, ఇంకో పది. ముప్పైకీ తెలియనివాళ్లకి శాకరిన్ పనికిరాదు, చేదుగా ఉండే బిట్రెక్స్ వాడాలి. తర్వాత మాస్కు పెట్టించి, అదే లెక్కన చిక్కటిది పిండి, ప్రతి ముప్పై సెకన్లకీ అందులో సగం సార్లు పిండుతూ ఏడు పనులు చేయించాలి. మామూలు ఊపిరి, లోతైన ఊపిరి, తల పక్కలకి, తల పైకీ కిందకీ, మాట్లాడటం, నడుం వంచడం, మళ్లీ మామూలు ఊపిరి. ఒక్కోటి నిమిషం. ఎక్కడ తీపి తగిలినా ఆ మాస్కు ఆ ముఖానికి పనికిరాదు, వేరే సైజో వేరే మోడలో చూడాలి. నర్సుకి అసలు పరీక్ష నడుం వంచే నిమిషం. ట్యూటరుకి మాట్లాడే నిమిషం, దవడ కదిలినప్పుడే కప్పు అంచు గడ్డం దగ్గర లేస్తుంది. ఆ నిమిషంలో నెమ్మదిగా గొణగనివ్వకండి. క్లాసులో చెప్పే గొంతుతోనే చదివించండి.

కిట్టుని పాడుచేసేది గడ్డకట్టిన శాకరిన్. నాలుగు గంటలకోసారి, లేదా పొద్దునా మధ్యాహ్నమూ, నెబులైజరుని నీళ్లతో కడిగి, దులిపి, మళ్లీ నింపాలి. లేకపోతే సన్నటి రంధ్రం మూసుకుపోయి తుంపర రాదు, అందరూ పాసైపోతారు. పిండినప్పుడల్లా తుంపర కంటికి కనిపిస్తోందా లేదా చూడటమే దీనికి కాపలా.

మా ఎంపిక

తరగతిలో పాఠానికి ముడివేసి దోపిన త్రీ ప్లై. వార్డు పర్యవేక్షణకి ఐఎస్ 9473 ప్రమాణం ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 మడత మాస్కు, తల పట్టీలది. ఎఫ్ఎఫ్‌పీ2 అంటే వడపోత కనీసం 94 శాతం. ఎన్95తో ఒక్క శాతం తేడా, సీలు సరిగ్గా కూర్చుంటే ఆ తేడా లెక్కలోకి రాదు. మడత రకానికి పెదవుల ముందు ఖాళీ ఎక్కువ, మాట్లాడితే గుడ్డ నోటికి అంటుకోదు, దవడతో పాటు కొంత కదులుతుంది. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, కంపెనీ పేరూ ఉత్పత్తీ సరిపోయాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. బేరం ఆ తర్వాత.

మాస్కు కంటే ముందు కొనాల్సింది ఇంకోటుంది. నడుముకి కట్టుకునే చిన్న స్పీకరు, చెవికి తగిలించే మైకు. గొంతు చించుకోవాల్సిన పని లేకపోతే మాస్కు దించాల్సిన అవసరం చాలావరకు పోతుంది. ఇన్ఫెక్షన్ కంట్రోల్ ఇండెంటులో మైకు ఎందుకని అకౌంట్స్‌వాళ్లు ఎర్ర పెన్నుతో కొట్టేస్తారు. కారణం పక్కనే రాసి పంపండి.

ఎన్95 మీద శానిటైజర్ కొట్టి మర్నాడు వాడే అలవాటు కోవిడ్ కొరతలో పుట్టింది, ఇంకా పోలేదు. ఆల్కహాల్ తగిలితే మెల్ట్‌బ్లోన్‌లోని విద్యుదావేశం పోతుంది. మాస్కు చూడటానికి కొత్తగానే ఉంటుంది, సన్నటి కణాలని పట్టే శక్తి పడిపోతుంది. సబ్బుతో ఉతికినా అంతే. ఆటోక్లేవ్‌లో పెడితే ఆకారం చెడి సీలు పోవచ్చు. కొరత వస్తే గాలాడే కాగితం సంచుల్లో పేరు రాసి వంతులవారీగా వాడటం ఒక దారి, పట్టీ సడలేదాకా లేదా తడిసేదాకా మాత్రమే. వాడేసిన మాస్కు, త్రీ ప్లై అయినా ఎన్95 అయినా, వార్డులో పసుపు సంచిలోకి పోవాలి. ఎర్ర సంచిలో కాదు.

మరో సంగతి విశాఖ ట్యూటర్లే గట్టిగా చెప్పాలి. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ లీకైనప్పుడు ఉన్న మాస్కులే తొడుక్కుని పరిగెత్తినవాళ్లున్నారు. అది కణం కాదు, ఆవిరి. ఎన్95, ఎఫ్ఎఫ్‌పీ2 దేన్నైనా దాటుకుని వస్తుంది. దానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి ఉన్న రెస్పిరేటర్ కావాలి. చుట్టూ ఇన్ని పరిశ్రమలున్న ఊళ్లో క్యాజువాల్టీ పోస్టింగుకి వెళ్లే విద్యార్థికి ఈ తేడా తెలియకపోతే ప్రమాదం.

క్యాంపస్‌కొచ్చే టీకా సర్వీసు

2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందికి టీకా మొదలైనప్పుడు ట్యూటర్లలో కొందరు వెనక్కి తగ్గారని విమర్శ వచ్చింది. ఆ రోజుల కాగితాలు చూస్తే సంగతి అంత తేలిక కాదు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి అప్పట్లో టీకా ఇవ్వలేదు. పాలిచ్చేవాళ్లకి మేలో, గర్భిణులకి జులైలో అనుమతి వచ్చింది. చిన్న వయసు ట్యూటర్లు ఎక్కువగా ఉండే కాలేజీల్లో రానివాళ్లందరినీ ‘భయం’ పద్దులో వేయడం అన్యాయం. కోవాక్సిన్‌కి మొదట్లో ఇచ్చిన అనుమతి క్లినికల్ ట్రయల్ మోడ్‌లో (ఇంకా పరీక్షల్లో ఉన్న టీకాగా), సంతకం పెట్టించుకునే సమ్మతి పత్రంతో. పరిశోధన పద్ధతులు బోధించేవాళ్లు ఆ పత్రం చదివి ఆగి ఆలోచిస్తే అది చదువుకున్నవాళ్ల జాగ్రత్త. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువు నాలుగు నుంచి ఆరు వారాలన్నది మార్చిలో నాలుగు నుంచి ఎనిమిదికి, మేలో పన్నెండు నుంచి పదహారుకి మారింది. విద్యార్థులకి ప్రతిసారీ కారణం చెప్పుకోవాల్సింది ట్యూటర్లే.

కోవిషీల్డ్ రక్తం గడ్డలకి అరుదుగా కారణం కావచ్చని దాన్ని రూపొందించిన ఆస్ట్రాజెనెకా కోర్టు కాగితాల్లో ఒప్పుకున్న వార్త 2024లో వచ్చాక ఆ భయం మళ్లీ లేచింది. జవాబు సూటిగా ఉండాలి. అరుదైన ఆ సమస్య నిజమే, వచ్చేది ఎక్కువగా మొదటి డోసు తర్వాత నాలుగు నుంచి నలభై రెండు రోజుల లోపు. ఏళ్ల కిందట వేయించుకున్నవాళ్లు రక్తం గడ్డల జాడ చూసే డీ-డైమర్ పరీక్షలకి డబ్బు తగలేయనక్కర్లేదు.

ఇప్పుడు కాలేజీలు డబ్బిచ్చి పిలిపించుకునేది ముఖ్యంగా హెపటైటిస్ బి, ఫ్లూ టీకాలకి. సర్వీసు మంచిదో కాదో వ్యాన్ దిగిన పది నిమిషాల్లో తెలిసిపోతుంది. టీకా క్యారియర్ తెరిపించి థర్మామీటర్ చూడండి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్‌ప్యాక్‌ని చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు రావాలి. ఫ్రీజర్లోంచి తీసి రాయిలా పెట్టేసిన ప్యాక్ పక్కనున్న వయల్ (టీకా సీసా) గడ్డకడుతుంది. ఎండకి టీకా పాడవుతుందని అందరికీ తెలుసు, చలికి పాడవుతుందన్నది మరిచిపోతారు. హెపటైటిస్ బి గడ్డకట్టి కరిగితే ఇక పనిచేయదు.

పెద్దవాళ్లకి హెపటైటిస్ బి డోసు 1 మి.లీ., కండలోకి, భుజాన డెల్టాయిడ్‌లోనే. పిరుదులో ఇస్తే స్పందన తగ్గుతుంది. ఇక్కడ అడ్డం వచ్చేది జాకెట్టు. బిగుతు చేతుల జాకెట్టుని పైకి నెట్టలేక టీకా మరీ కింద వేస్తారు. మెడ వైపు నుంచి భుజం కిందకి లాగితే మరీ పైన కీలు దగ్గర పడుతుంది, ఆ భుజం నొప్పి నెలల తరబడి వదలకపోవచ్చు. భుజం ఎముక అంచు నుంచి రెండు మూడు వేళ్ల కింద అన్నది పుస్తకంలో కొలత, అది కనిపించాలంటే చెయ్యి వదులుగా ఉన్న జాకెట్టో కుర్తానో వేసుకు రమ్మని ముందురోజే గ్రూపులో పెట్టాలి. సూది పొడవు మామూలుగా 25 మి.మీ., బొద్దుగా ఉన్నవాళ్లకి 38 కూడా తెచ్చారా అని అడగండి. ఎనాఫిలాక్సిస్ (ప్రాణం మీదకొచ్చే ఎలర్జీ) ట్రేలో అడ్రినలిన్ ఆంపూల్ గడువు తేదీ చూడటం మర్యాదకి విరుద్ధం ఏమీ కాదు.

ఫ్లూ టీకా ఏడాదికోసారి, మన దగ్గర వానాకాలానికి ముందు వేయించుకుంటే ఉపయోగం. నాలుగు రకాల వైరస్‌లది ఎక్కువ ధరకి అంటగట్టబోతే తొందరపడకండి. అందులో బి/యమగాటా అన్న రకం 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా ధ్రువపడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు మూడింటిదానికి మారింది. పాత నిల్వలు అమ్ముడుపోవాలి కదా.

చాలా కాలేజీలు దెబ్బతినేది హెపటైటిస్ బి మూడో డోసు దగ్గర. 0, 1, 6 నెలలు. కొత్త బ్యాచి చేరగానే మొదటిది వేస్తే ఆరో నెల పరీక్షల్లోనో సెలవుల్లోనో పడుతుంది, సగం మంది ఊళ్లో ఉంటారు. ఆలస్యమైతే మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, మిగిలినది వేస్తే చాలు. సర్వీసువాళ్లు మాత్రం కొత్త కోర్సు అమ్మబోతారు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లో యాంటీ-హెచ్‌బీఎస్ టైటర్ (టీకా వల్ల రక్తంలో వచ్చిన యాంటీబాడీల కొలత) చూడాలి, మి.లీ.కి 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టు. దాటనివాళ్లకి మరోసారి పూర్తి కోర్సు, మళ్లీ టైటర్. వాడిన సూది గుచ్చుకుని నీడిల్ స్టిక్ గాయమైన రాత్రి క్యాజువాల్టీ డాక్టరు మొదట అడిగేది ఈ అంకెనే. కొటేషన్ తీసుకునేటప్పుడే మూడు విజిట్ల తేదీలు, రానివాళ్ల కోసం నాలుగో విజిట్, తలసరి టైటర్ ధర, కార్డు మీద టీకా బ్యాచి నంబరు విడివిడిగా రాయించుకోండి. డబ్బు మొత్తం ముందే ఇచ్చేస్తే రెండో డోసు తర్వాత ఫోనెత్తని సర్వీసులున్నాయి. చివరి వాయిదా టైటర్ రిపోర్టులు అందాక ఇచ్చేలా ఒప్పందం ఉండాలి.